జ్వరం పోయాక ఉండిపోయిన నొప్పి

1964లో చికున్‌గున్యా మద్రాసు, వెల్లూరు, పుదుచ్చేరిలను చుట్టుముట్టింది. మరుసటి ఏడాది విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడల్లో కనిపించింది. 1973లో మహారాష్ట్రలోని బార్సీలో ఒకసారి తలెత్తి, ఆ తర్వాత మూడు దశాబ్దాలపాటు మన దేశంలో దాని ఊసు పెద్దగా వినపడలేదు. 2005 చివర్లో మళ్ళీ వచ్చింది. 2006 ఒక్క ఏడాదిలోనే దేశంలో దాదాపు 13.9 లక్షల అనుమానిత కేసులు లెక్కకొచ్చాయి. ఆ రోజులు చూసినవాళ్ళెవరూ మరిచిపోలేదు. ఇళ్ళకు ఇళ్ళే మంచం పట్టాయి. బాత్‌రూముకి గోడ పట్టుకుని నడిచారు. నీళ్ళ చెంబు ఎత్తలేకపోయారు, చొక్కా గుండీ పెట్టుకోలేకపోయారు.

జ్వరం వారంలో దిగిపోయింది. కీళ్ళ నొప్పులు చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకున్నాయి. కొందరిని మాత్రం నెలలు గడిచినా, ఏళ్ళు గడిచినా వదల్లేదు. పొద్దున లేవగానే వేళ్ళు ముడుచుకోవు. మెట్టు దిగితే చీలమండ కలుక్కుమంటుంది. రాత్రయ్యేసరికి మోకాళ్ళు సలుపుతాయి. రక్తపరీక్ష చేయిస్తే వైరస్ జాడ ఉండదు, ఎక్స్‌రే తీయిస్తే చెప్పుకోదగ్గదేమీ కనిపించదు. అప్పటిదాకా జాలిపడినవాళ్ళే, "రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయిగా, ఇంకా ఏమిటి?" అని అడగడం మొదలుపెడతారు.

నొప్పి మొదలైనప్పుడు పట్టిన దిగులు కన్నా ఈ ప్రశ్న తెచ్చే దిగులు పెద్దది. నడుము నొప్పితో, మెడనొప్పితో, షుగరు వల్ల వచ్చే అరికాళ్ళ మంటతో, ఒళ్ళంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియాతో ఏళ్ళ తరబడి బతుకుతున్నవాళ్ళందరికీ ఇది తెలిసిన దిగులే. ఇలాంటి నొప్పితో మనసు చెదరకుండా బతకడం ఎలా అన్నది ఈ అధ్యాయం విషయం. ఆ మాట చెప్పాలంటే ముందు, నొప్పి శరీరానిదా మనసుదా అనే పాత తగవును పక్కన పెట్టాలి. విజ్ఞానశాస్త్రం దాన్ని ఎప్పుడో పక్కన పెట్టేసింది.

గాయం వేరు, నొప్పి వేరు

రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీ రంగంలో పనిచేసిన అమెరికన్ డాక్టరు హెన్రీ బీచర్, తీవ్రంగా గాయపడిన సైనికులను ఒక ప్రశ్న అడిగారు: నొప్పికి మందు కావాలా? నలుగురిలో దాదాపు ముగ్గురు అక్కర్లేదన్నారు. ఆయన ఈ సంగతిని 1946లో ప్రచురించారు. ఒళ్ళు ఛిద్రమైనా నొప్పి అంతగా తెలియకపోవడానికి ఆయన చెప్పిన కారణం, గాయానికి ఉన్న అర్థం. ఆ సైనికుడికి ఆ గాయం యుద్ధం నుంచి విముక్తి, ప్రాణాలతో ఇంటికి వెళ్ళే దారి. అలాంటి దెబ్బే ఊళ్ళో కూలిపని చేసుకునే మనిషికి తగిలితే దాని అర్థం వేరు. రేపటి కూలి ఎలా, పిల్లల ఫీజులు ఎలా అన్న భయం ఆ నొప్పిలో కలిసే ఉంటుంది.

1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ దీనికి నాడీవ్యవస్థలో ఒక దారి చూపించారు. ఒంటి నుంచి వచ్చే సంకేతాలు మెదడుకి ఉన్నవి ఉన్నట్టుగా చేరవు. వెన్నుపాములో ఒక ద్వారం లాంటి ఏర్పాటు ఉంది. దెబ్బ తగిలినచోట చేత్తో రుద్దితే ఆ ద్వారం కొంత మూసుకుంటుంది. మెదడు నుంచి కిందికి దిగే సంకేతాలు కూడా దాన్ని తెరవగలవు, మూయగలవు. అంటే మన ధ్యాస, భయం, ధైర్యం, నిద్ర అన్నీ వెన్నుపాము దగ్గరే నొప్పి సంకేతాన్ని పెంచనూగలవు, తగ్గించనూగలవు. వాళ్ళ సిద్ధాంతంలోని వివరాలు ఆ తర్వాత చాలా మారాయి, ఈ మూలసూత్రం మాత్రం నిలబడింది.

1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ ఇంకో ముక్క కలిపారు. నొప్పి సంకేతాలు ఎడతెగకుండా వస్తూ ఉంటే వెన్నుపాములోని నాడీకణాలే మారిపోతాయని, చిన్న సంకేతానికి కూడా పెద్దగా స్పందిస్తాయని జంతువులపై ప్రయోగాల్లో చూపించారు. ఒకసారి దొంగలు పడిన ఇంట్లో కుక్క, తర్వాత ఆకు కదిలినా మొరుగుతుంది. అది అబద్ధం చెప్పడం లేదు. కాపలా కాయడం మరీ ఎక్కువగా నేర్చుకుంది. దీర్ఘకాలపు నొప్పిలో నాడీవ్యవస్థ చేసేది చాలావరకు అదే. అందుకే రిపోర్టులు బాగుండటం, నొప్పి ఉండటం రెండూ ఏకకాలంలో నిజం కావచ్చు.

దీనికి తిరగేసిన సాక్ష్యం కూడా ఉంది. ఏ నొప్పీ లేనివాళ్ళకు వెన్నెముక స్కానింగు చేస్తే ఏం కనిపిస్తుందన్న అధ్యయనాలన్నిటినీ 2015లో ఒకచోట చేర్చి చూశారు. 20 ఏళ్ళ వయసులోనే 37 శాతం మందిలో డిస్కులు అరిగిన గుర్తులున్నాయి. 80 ఏళ్ళకి 96 శాతం మందిలో ఉన్నాయి. వాళ్ళెవరికీ నడుము నొప్పి లేదు. కాబట్టి "డిస్కు అరిగిపోయింది" అన్న మాట విని జీవితం అయిపోయిందనుకోనక్కర్లేదు. అరుగుదల లేదన్నారని నొప్పి కల్పితం అనుకోనక్కర్లేదు.

అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించింది. అందులో నొప్పి ఇంద్రియానుభవమే కాదు, భావోద్వేగానుభవం కూడా. ఎవరైనా నొప్పి అని చెబితే ఆ మాటను గౌరవించాలని దానికి జతచేసిన వివరణలో స్పష్టంగా రాసింది. మూడు నెలలు దాటి ఉండే నొప్పిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల కొత్త వర్గీకరణలో ప్రత్యేకంగా చేర్చింది. 2022లో అది అమల్లోకి వచ్చింది. ఏళ్ళ తరబడి "నీదంతా ఊహ" అనిపించుకున్నవాళ్ళకు ఇది చిన్న ఊరట కాదు.

నొప్పిలో మనసు పాలు

షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో వానియా అప్కారియన్ బృందం నడుము నొప్పి కొత్తగా వచ్చినవాళ్ళ మెదడును నెలల తరబడి స్కానింగులతో గమనించింది. మొదట్లో ఒంటి సంకేతాలను అందుకునే ప్రాంతాలు చురుగ్గా ఉన్నాయి. నొప్పి ముదిరి తిష్ఠ వేసినవాళ్ళలో ఆ చురుకుదనం క్రమంగా భావోద్వేగాలకు సంబంధించిన వలయాలకు మారింది. 2013లో ప్రచురించిన ఈ ఫలితం చెప్పేదేమిటంటే, నొప్పి పాతబడేకొద్దీ అది దిగులు, భయం, విసుగు నడిచే దారుల్లోనే నడుస్తుంది. కాబట్టి దిగులుకి చేసే వైద్యం నొప్పికి చేసే వైద్యం కూడా. మనసు సంగతి చూసుకోమని డాక్టరు అన్నారంటే నీ నొప్పి నిజం కాదని అన్నట్టు కాదు.

ఈ సంగతి తెలియక జరిగే నష్టం మందుల చీటీ దగ్గరే మొదలవుతుంది. దీర్ఘకాలపు నొప్పికి డాక్టర్లు కొన్నిసార్లు ఎమిట్రిప్టిలిన్, డులాక్సెటిన్ లాంటి మందులు రాస్తారు. మెడికల్ షాపులోనో, ఇంటర్నెట్‌లోనో అవి డిప్రెషన్ మందులని తెలుస్తుంది. "నాకు పిచ్చి అనుకుంటున్నారా?" అని అవమానపడి మానేసేవాళ్ళున్నారు. ఆ మందులు పనిచేసేది మెదడు నుంచి వెన్నుపాముకి దిగే, నొప్పిని అదుపుచేసే దారుల మీద. ఆ దారుల్లో వాడుకలో ఉండే సెరటోనిన్, నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనాలే మనసు స్థితికీ అవసరం. డాక్టరు ఈ రెండు మాటలు ముందే చెబితే చాలు. ఆ మందులు మానేసి, రోజూ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్ళలతో నెట్టుకొస్తే కడుపులో పుండ్లు పడవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు.

పిళ్ళైచావడిలో ఒక రోజు

పుదుచ్చేరి నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఉత్తరానికి వెళితే కాలాపట్టు దగ్గర, సముద్రాన్ని ఆనుకుని పిళ్ళైచావడి ఉంటుంది. ఒకపక్క ఇంజినీరింగ్ విద్యాసంస్థ, ఇంకోపక్క జాలర్ల ఇళ్ళు. 2004 డిసెంబరు 26న సునామీ కొట్టిన తీరమిది. పుదుచ్చేరి రేవు కోసం 1980లలో సముద్రంలోకి గోడలు కట్టాక ఉత్తరపు తీరానికి ఇసుక చేరడం తగ్గింది, ఈ వరసలోని ఊళ్ళను అల కోసుకుపోతోంది. ఇల్లు ఉంటుందో లేదో అన్న దిగులు, వేట దొరుకుతుందో లేదో అన్న దిగులు ఇక్కడ రోజువారీ సంగతులు.

ఇక్కడ చేపలు అమ్మే ఒకావిడను ఊహించుకుందాం. యాభై దాటిన మనిషి. చికున్‌గున్యా వచ్చి పోయింది, మణికట్లలో, వేళ్ళలో, మోకాళ్ళలో నొప్పి ఉండిపోయింది. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకి వస్తాయి. వేలంపాటలో చేపలు కొనాలి, గంప ఎత్తాలి, బజార్లో కింద కూర్చోవాలి. కత్తిపీట ముందు వంజరం ముక్కలు కోసివ్వాలంటే బొటనవేలితో చేపను అదిమి పట్టాలి. సరిగ్గా నొప్పి ఉన్నది ఆ వేలిలోనే. మొదటి వారం ఓర్చుకుంది. ఒకరోజు చేప జారి కత్తి గీరుకుంది. అప్పటినుంచి కోసే పని పక్కావిడకి అప్పజెప్పింది. తర్వాత గంప ఎత్తడం మానింది. తర్వాత బజారుకి వెళ్ళడమే మానింది.

1980ల నుంచి పరిశోధకులు వివరిస్తూ వచ్చిన ఒక విషవలయం ఇందులో ఉంది. బెల్జియన్ మనస్తత్వవేత్త యోహాన్ వ్లాయెన్, స్వీడన్‌లో పనిచేసిన స్టీవెన్ లింటన్ 2000లో దాన్ని ఒక నమూనాగా స్థిరపరిచారు. నొప్పి వస్తుంది. "ఇది ఇంకా ముదురుతుంది, నేను మంచాన పడతాను" అన్న ఆలోచన వస్తుంది. ఆలోచన భయమవుతుంది. భయంతో కదలడం తగ్గుతుంది. కదలకపోతే కండరాలు బలహీనపడతాయి, కీళ్ళు బిగుసుకుంటాయి, నలుగురిలోకి వెళ్ళడం ఆగిపోతుంది, దిగులు పెరుగుతుంది. ఆపైన అంతకన్నా చిన్న పనికే ఎక్కువ నొప్పి వస్తుంది. మొదటి ఆలోచన నిజమైనట్టే అనిపిస్తుంది.

మన ఊహలోని ఆవిడ పోగొట్టుకున్నది ఆ పూట సంపాదన ఒక్కటే కాదు. వేలంపాటలో ఆమె మాట చెల్లేది. ధర తెగ్గొట్టడంలో ఆమెకో పేరుంది. ఇంటికొచ్చేటప్పుడు మనవడికి ఏదో ఒకటి కొని తెచ్చేది. ఇవన్నీ ఒకేసారి పోతే వచ్చేది శోకం. ఆత్మీయులు పోయినప్పుడు ఏడవడానికి మనకు రోజులున్నాయి, చుట్టూ మనుషులుంటారు. తన పాత మనిషి పోయినందుకు ఏడవడానికి ఏ తంతూ లేదు. ఆ శోకాన్ని శోకంగా గుర్తించడం కోలుకోవడంలో మొదటి అడుగు. కొన్నాళ్ళు ఏడిస్తే తప్పేమీ లేదు.

మంచి రోజు తెచ్చే చేటు

దీర్ఘకాలపు నొప్పి ఉన్నవాళ్ళకు మంచి రోజులూ వస్తాయి. ఇబ్బంది అక్కడే. మాసి మగం పండగనాడు కొంచెం తేలిగ్గా అనిపిస్తే, ఆగిపోయిన పనులన్నీ ఆ ఒక్కరోజే పెట్టుకుంటారు. ఇల్లు కడుగుతారు, పిండివంటలు చేస్తారు, తీర్థవారికి, అంటే దేవుళ్ళ సముద్రస్నానానికి, తీరందాకా నడుస్తారు. ఆ తర్వాత మూడు రోజులు లేవలేరు. "పండగ చేసుకున్నందుకు శాస్తి" అనుకుంటారు. పనికీ నొప్పికీ మధ్య ముడి ఇంకా గట్టిపడుతుంది.

అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో విల్బర్ట్ ఫోర్డైస్ అనే మనస్తత్వవేత్త 1970ల్లో దీనికి ఒక సూటి ఉపాయం చెప్పారు. ఎప్పుడు ఆగాలో నొప్పి చేత చెప్పించుకోవద్దు, ముందే అనుకున్న కొలతను బట్టి ఆగాలి. ఓపిక పోయేదాకా నడవకుండా, తేలిగ్గా నడవగలిగిన దూరంలో ముప్పాతిక వంతు దగ్గరే ఆగిపోవాలి. బాగున్న రోజు అంతే, బాగాలేని రోజూ వీలైతే అంతే. వారం గడిచాక కొంచెం పెంచాలి.

చేపలావిడకి దీన్ని అన్వయిస్తే ఇలా ఉంటుంది. గంప నిండా కాక పావు గంప. కింద కూర్చోకుండా చిన్న స్టూలు. కత్తిపీట మీద నెత్తళ్ళ లాంటి చిన్న చేపలు పది నిమిషాలు, తర్వాత నొప్పి ఉన్నా లేకున్నా అయిదు నిమిషాలు చేతులు విదిలించుకుని విశ్రాంతి. వంజరం ఇప్పుడే వద్దు. మొదటి వారం ఇందులో గొప్పేమీ కనిపించదు. నాడీవ్యవస్థ మాత్రం ఒక కొత్త పాఠం నేర్చుకుంటుంది: చేయి కదిలింది, కీడేమీ జరగలేదు. కొన్ని వందలసార్లు ఆ పాఠం చెబితేనే పాత పాఠం పలచబడుతుంది.

నిద్రకూ ఇదే పద్ధతి అవసరం. నిద్ర చెడిన మర్నాడు నొప్పిని ఓర్చుకునే శక్తి తగ్గుతుందని ప్రయోగాల్లో తేలింది. పగలంతా పడుకుని ఉండటం మానడం, లేచే వేళ రోజూ ఒకటే ఉంచుకోవడం, రాత్రి మంచం మీద నొప్పి లెక్కలు వేసుకోకుండా లేచి కాసేపు కూర్చోవడం చిన్న పనులే. కాస్త ఓపిక పట్టి చేస్తే వీటి ఫలితం తెలుస్తుంది.

ఒప్పుకోవడం, ఓడిపోవడం ఒకటి కాదు

"నా ఖర్మ" అని గోడవైపు తిరిగి పడుకోవడం ఒక దారి. నొప్పి పూర్తిగా పోయేదాకా ఏ పనీ మొదలుపెట్టనని డాక్టరు తర్వాత డాక్టరు దగ్గరికి తిరగడం ఇంకో దారి. రెండూ జీవితాన్ని వాయిదా వేసేవే. మూడోది, నొప్పి ఇవాళ ఉందని ఒప్పుకుని, ఉన్న నొప్పితోనే నాకు ముఖ్యమైన పనిలో ఇవాళ ఎంత చేయగలను అని అడగడం. మనస్తత్వవైద్యంలో అంగీకారం అంటే ఇదే.

1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్-జిన్ మందులతో నయం కాని నొప్పులున్నవాళ్ళకి ధ్యానం నేర్పించడం మొదలుపెట్టారు. నొప్పిని మరిచిపొమ్మని ఆయన చెప్పలేదు. దాన్నే నిదానంగా గమనించమన్నారు. అలా గమనిస్తే పైకి ఒక్కటిగా కనిపించే బాధలో రెండు పొరలు కనిపిస్తాయి. మోకాలిలో సలుపు ఒకటి. "రేపు పెళ్ళికి ఎలా వెళ్ళను, అందరూ ఏమనుకుంటారు, ఇది ఎప్పటికీ తగ్గదు" అనే ఆలోచనల వరద ఇంకొకటి. సలుపును వెంటనే ఆపలేకపోవచ్చు. వరదను ఆలోచనలుగా గుర్తుపట్టడం మాత్రం సాధన చేస్తే వస్తుంది.

ఈ పద్ధతులకున్న బలం ఎంతో ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. పెద్దవాళ్ళ దీర్ఘకాలపు నొప్పికి మానసిక చికిత్సల మీద 2020లో వచ్చిన కాక్రేన్ సమీక్ష, 75 అధ్యయనాలను, 9,400 మందికి పైగా రోగులను లెక్కలోకి తీసుకుంది. ఆలోచనలనూ అలవాట్లనూ సరిదిద్దే చికిత్స నొప్పిని, దిగులును, పనిచేయలేకపోవడాన్ని కొంచెం తగ్గించిందని తేలింది. కొంచెమే. ఏళ్ళ తరబడి నొప్పితో ఉన్నవాళ్ళకి ఆ కొంచెం విలువ తెలుసు. ఆ కొంచెంతోనే ఒకరు బజారుకి వెళ్ళగలుగుతారు, ఇంకొకరు మనవణ్ణి ఎత్తుకోగలుగుతారు.

ఇంట్లోవాళ్ళ చేతిలో ఉన్నది

నొప్పి ఒకరిదే అయినా దానితో బతికేది ఇంటిల్లిపాదీ. ఇంట్లోవాళ్ళు రెండు వైపులా పొరపాటు పడతారు. ఒకటి, నమ్మకపోవడం. రెండోది, అతిగా చూసుకోవడం. "అత్తయ్యా, మీరు లేవకండి, నేను చేస్తాను" అని కోడలు ప్రేమతోనే అంటుంది. రోజూ అలాగే అంటే ఆ ఇంట్లో ఆమెకు చేయడానికి ఒక్క పని మిగలదు. "ఇవాళ నొప్పి ఎలా ఉంది?" అని గంటకోసారి అడిగితే ధ్యాస అంతా నొప్పి మీదే ఉంటుంది. దాని బదులు, "అత్తయ్యా, సాయంత్రం గుడిదాకా వెళ్ళొద్దామా? దారిలో రెండుచోట్ల కూర్చుందాం" అంటే అందులో నమ్మకం ఉంది, తోడు ఉంది, కొలత ఉంది.

దిగులు హద్దు దాటే సందర్భాలూ ఉంటాయి. రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తిండి మానేయడం, "నేనుంటే అందరికీ భారమే" అనడం, చావు గురించి మాట్లాడటం తేలిగ్గా తీసుకోకూడదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ 14416 నంబరుకి రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడవచ్చు. ఒంటి విషయంలోనూ కొన్ని గుర్తులున్నాయి. పాత నొప్పికి తోడు జ్వరం, అకారణంగా బరువు తగ్గడం, కాలో చెయ్యో పట్టు తప్పడం, మలమూత్రాల మీద అదుపు పోవడం కనిపిస్తే అది పాత నొప్పేలే అని ఊరుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

నలుగురు వైద్యులు, ఒక్క మనిషి

జాన్ బోనికా 1917లో ఇటలీకి చెందిన ఫిలికూడి అనే చిన్న దీవిలో పుట్టారు, చిన్నప్పుడే అమెరికా చేరారు. డాక్టరీ చదువుకి డబ్బు కోసం ముసుగు వేసుకుని కుస్తీలు పట్టారు. ఆ కుస్తీల దెబ్బలు జీవితాంతం నొప్పిగా మిగిలాయి. మత్తుమందు వైద్యుడిగా యుద్ధకాలపు సైనిక ఆస్పత్రిలో పనిచేసినప్పుడు, నొప్పి వదలని సైనికులకు ఒక్క డాక్టరు చాలడం లేదని ఆయన గమనించారు. నరాల వైద్యుడు, ఎముకల వైద్యుడు, మానసిక వైద్యుడు విడివిడిగా చూస్తే రోగి ముక్కలవుతున్నాడు. అందరూ కలిసి కూర్చుని ఒకే మనిషి గురించి మాట్లాడుకుంటే దారి దొరుకుతోంది. 1953లో ఆయన రాసిన నొప్పి చికిత్స గ్రంథం, తర్వాత వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆయన నిలబెట్టిన క్లినిక్ ఈ ఆలోచన నుంచే వచ్చాయి. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘానికి 1973లో పునాది వేసిందీ ఆయనే.

పుదుచ్చేరికి ఇలాంటి ఉమ్మడి క్లినిక్ అందని కల కాదు. ఇంత చిన్న ప్రాంతంలో ఇన్ని వైద్యకళాశాలలు ఉన్న చోట్లు దేశంలో తక్కువ. ఇక్కడి జిప్‌మర్ వైద్యసంస్థలో 2008లో యోగ చికిత్స కేంద్రం మొదలైంది. దోమల ద్వారా వచ్చే జబ్బుల మీద ఐసీఎంఆర్ పరిశోధన సంస్థ 1975 నుంచి ఈ ఊళ్ళోనే పనిచేస్తోంది. దోమను వెంటాడటానికి మనం సంస్థలు కట్టుకున్నాం, అది అవసరమే. దోమ కుట్టి పోయిన తర్వాత మిగిలిన నొప్పితో ఒక మనిషి ఇరవై ఏళ్ళు బతకాల్సి వస్తే, ఆ ఇరవై ఏళ్ళను చూసుకునే ఏర్పాటు కూడా అంతే అవసరం. డాక్టరు, ఫిజియోథెరపిస్టు, మానసిక నిపుణుడు, మాట వినే నర్సు వారానికి ఒక పూట ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కలిసి కూర్చోగలిగితే ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు. ఆ గదిలో అడగాల్సిన మొదటి ప్రశ్న నొప్పికి పదిలో ఎన్ని మార్కులు అని కాదు. "నొప్పి వచ్చాక మీరు మానేసిన పనుల్లో దేన్ని ముందు తిరిగి మొదలుపెట్టాలని ఉంది?" అని అడగాలి. దానికి రోగి చెప్పే జవాబే చికిత్సకు గమ్యం కావాలి.